పెస్టలాజీ మహాశయుడు – గులకరాళ్ల గణితము

పన్నెండును మూటిచేత భాగింపుమనగా తడువుకొనక నాలుగని చెప్పు బాలుడు, పన్నెండు చింతగింజలను చేతికిచ్చి, వీనిని మూడేసి చొప్పున కుప్పలు పెట్టి ఎన్ని కుప్పలగునో చెప్పుమనగా తెల్లబోయి చూచుట చిన్న తరగతులకు పాఠము చెప్పినవారందరు ఎరిగిన సంగతియే. ఎక్కము నోటికి వచ్చినది గాని లెక్క కంటికి కనబడలేదు. ఈ రెంటికి నడుమనున్న అగాధమును కనిపెట్టి, దానిని పూడ్చుటకై జీవితమంతయు పాటుపడిన మహనీయుడొకడు రెండువందల ఏండ్లకు పూర్వము స్విట్జర్లాండు దేశమున నుండెను. ఆయన పేరు యోహాన్ హైన్రిక్ పెస్టలాజీ. వింత యేమనగా, లోకమునకు లెక్కలు నేర్పు మార్గము చూపిన ఈయనకు స్వయముగా లెక్కలు చక్కగా రావు; అక్షరములు పొందికగా వ్రాయుటయు చేతగాదు. ఇది ఆయన శత్రువులు కల్పించిన మాట కాదు. ఆయనయే తన గ్రంథమున దాచక ఒప్పుకొనెను.

పెస్టలాజీ 1746 వ సంవత్సరము జనవరి 12 వ తేదీన జ్యూరిచ్ నగరమున జన్మించెను. తండ్రి శస్త్రవైద్యుడు. బాలునకు అయిదేండ్ల ప్రాయమున ఆయన కాలధర్మము నొందెను. మరణశయ్యపై నుండి తన భార్యను, బిడ్డలను విడిచిపోవలదని ఇంటి దాసి బార్బరాను వేడుకొనగా, ఆ పేదపిల్ల మాట యిచ్చి, తుదివరకు ఆ మాట నిలుపుకొనెను. కుటుంబమునకు చాలినంత రాబడి లేదు. బట్టలు చినుగును, చెప్పులు అరుగునని ఆమె పిల్లలను వీథిలోనికి పోనిచ్చెడిది కాదు. అందుచేత హైన్రిక్ తోటివారితో ఆడక, పాడక, నాలుగు గోడల నడుమ పెరిగి, బడికి పోవునప్పటికి చేతకానివాడుగను అమాయకుడుగను నుండెను. సహాధ్యాయులు వానికొక వెక్కిరింత పేరు పెట్టిరి. అయినను 1755 లో భూకంపము వచ్చి ఉపాధ్యాయులు సహితము పిల్లలను త్రోసికొని మెట్లు దిగి పరుగెత్తినప్పుడు, మేడమీద మరచిన టోపీలను, పుస్తకములను తెచ్చుటకు మరల పైకి పోయినవాడు ఈ వెర్రివాడే.

సెలవులలో అతడు హాంగ్ అను గ్రామమునకు పోవుచుండెను. అచ్చట తాతగారు పాదిరిగా నుండి, బీదల యిండ్లకు పోవునప్పుడు మనుమని వెంటబెట్టుకొని పోయెడివారు. నూలు వడకుచు, చదువు సంధ్యలు లేక, పాలిపోయిన మొగములతో నుండు బిడ్డలను బాలుడు అచ్చటనే మొదట చూచెను. తాతగారివలెనే తానును పాదిరి కావలెనని చదువ మొదలిడి, మానుకొని, పిదప న్యాయశాస్త్రము వైపు తిరిగి, దానిని కూడ విడిచెను. ఇంతలో 1762 లో వెలువడిన రూసో పండితుని ఎమీల్ అను గ్రంథము అతని చేత బడెను. బిడ్డను ప్రకృతి ననుసరించి పెంచవలెనను ఆ గ్రంథము యువకుని మనస్సును పూర్తిగా ఆక్రమించెను. అతడు పట్టణము విడిచి, బిర్ అను గ్రామము చెంత భూమి కొని, సేద్యమునకు దిగెను. 1769 లో తనకంటె ఎనిమిదేండ్లు పెద్దదియు, ధనిక కుటుంబమున పుట్టినదియు నగు అన్నా షుల్థెస్‌ను వివాహమాడెను. మరుసటి యేట కుమారుడు కలుగగా రూసో పేరే పెట్టిరి. ఆ పొలమునకు నోయిహోఫ్, అనగా క్రొత్తతోట, అని పేరు. రంగునకు పనికివచ్చు మంజిష్ఠను పండింప దలచిరి గాని, పైరు దక్కలేదు.

పెస్టలాజీ మొదటి శిష్యుడు తన కుమారుడే. 1774 లో, బాలునకు మూడేండ్లు దాటి నాలుగవ ఏడు నడచుచుండగా, తాను నేర్పుచున్న పాఠములను గూర్చి ఆయన కొన్ని వారములు దినచర్య వ్రాసికొనెను. అందొక దినమున వ్రాసిన సంగతి మన కథకు ముఖ్యము. బాలుడు సంఖ్యల పేర్లను వరుసగా అప్పగించుచున్నాడు, తండ్రి సంతోషించుచున్నాడు. ఒకనాడు ఆ సంఖ్యల అర్థము నేర్పబోగా, బాలునకు పేర్లే తప్ప వాని వెనుక వస్తువేదియు లేదని తేటపడినది. తెలియని మాటను తెలిసినట్లు పలుకుట అలవాటైన బిడ్డకు నిజము నేర్పుట ఏమియు రానివానికి నేర్పుటకంటె కష్టమని ఆయన గ్రహించి, ఆ తప్పు బిడ్డది కాదు, నాదని తన్ను తాను నిందించుకొనెను. మూడేండ్లవాడు నూరువరకు ఒప్పజెప్పినాడని మురిసిపోవు తలిదండ్రులు మనలో ఎందరు లేరు! అట్లు మురిసిన ఒక తండ్రి సిగ్గుపడి కాగితముపై పెట్టిన ఆ నాలుగు పంక్తులే పిమ్మట ఒక విద్యావిధానమునకు విత్తనమైనవి.

అదే యేట ఆయన తన యింట బీదపిల్లలకు బడి పెట్టెను. వారు నూలు వడకి, బట్ట నేసి తమ పోషణము తామే సంపాదించుకొనుచు చదువుకొనవలెనని ఆయన తలంపు. బాలురు క్రొత్తబట్టలు కట్టుకొని పారిపోయిరి, సరకు అమ్ముడుపోలేదు, అన్నా తెచ్చిన సొత్తు చాలవరకు కరగిపోయెను. 1780 లో బడి మూతపడెను. అటుపిమ్మట పదునెనిమిది సంవత్సరములు పెస్టలాజీకి బడి లేదు, ధనము లేదు. కలము మాత్రమే మిగిలెను.

ఆ కలమునుండి 1781 లో లీన్‌హార్డ్ గెర్‌ట్రూడ్ అను కథాగ్రంథము వెలువడెను. త్రాగుబోతు భర్తను, చెడిన గ్రామమును తన యింటి నడవడిచే బాగుచేసిన ఒక పల్లెటూరి ఇల్లాలి కథ యది. ఆ గెర్‌ట్రూడ్ తన బిడ్డలకు లెక్కలు నేర్పు తీరు చూడుడు. పలక లేదు, పుస్తకము లేదు. గది ఈ కొననుండి ఆ కొనకు ఎన్ని అడుగులో నడచి లెక్కింపుమనును. కిటికీలో వరుసకు అయిదు చొప్పున రెండు వరుసల గాజుపలకలున్నవి. వానిని చూపి పదుల లెక్క తెలుపును. వడకునప్పుడు పోగులను, చుట్టునప్పుడు రాట్నము చుట్లను లెక్కింపజేయును. పది యనగా రెండు అయిదులని ఆ బిడ్డలు వల్లెవేయలేదు. తెల్లవారి లేచినది మొదలు కిటికీలో చూచుచునే యుండిరి. కాని ఇదంతయు ఇంకను కాగితముమీది బడియే.

నిజమైన బడి ఆయనకు దుఃఖకరమైన సమయమున లభించెను. 1798 సెప్టెంబరులో ఫ్రెంచి సేనలు స్టాన్స్ అను పట్టణమును తగులబెట్టి జనులను చంపగా, అనేకులు పిల్లలు దిక్కులేనివారైరి. క్రొత్త ప్రభుత్వమువారు అచ్చటి సన్యాసినుల మఠములో అనాథశాల పెట్టి పెస్టలాజీని పంపిరి. ఆయనకప్పటికి ఏబది మూడవ ఏడు. చలికాలము, కట్టడము పూర్తికాలేదు, గజ్జితో, పేలతో, చింపిరి గుడ్డలతో పిల్లలు వచ్చి చేరిరి. సుమారు ఎనుబదిమందికి ఆయనయు ఒక పనికత్తెయు తప్ప మరియెవ్వరు లేరు. వారితో తిని, వారి నడుమ పరుండి, అందరికంటె ముందు లేచి, అందరి తరువాత నిద్రించెను. పుస్తకములు లేవు గనుక చేతికందిన వస్తువులే పాఠములయ్యెను. అయిదు నెలలు గడచునప్పటికి, 1799 జూన్‌లో, సైనికుల వైద్యశాలకు ఆ యిల్లు కావలసి వచ్చెను. పిల్లలలో పెక్కుమందిని పంపివేసిరి. పెస్టలాజీ రక్తము కక్కుచు కొండలలోనికి విశ్రాంతికై పోయెను.

కొంచెము కోలుకొనగానే బుర్గ్‌డోర్ఫ్ అను ఊరిలో పాఠము చెప్ప ననుజ్ఞ వేడెను. పేదల బడి యొకటి చెప్పులు కుట్టువాని చేతిలో నుండెను. అతడు కుట్టుపని చేసికొనుచునే పిల్లలకు ప్రశ్నోత్తరములు వల్లింపజేయుచుండెను. ఒకే గదిలో ఒక సగము అతనికి, ఒక సగము పెస్టలాజీకి ఇచ్చిరి. ఈ ముసలివాడు ప్రశ్నోత్తరములు చెప్పింపడు, పుస్తకము తెరవడు, గోడకంటించిన పాత కాగితములోని చినుగులను చూపి, కాగితములో చినుగు చూచుచున్నాను, పొడుగైన చినుగు చూచుచున్నాను, దాని వెనుక గోడ చూచుచున్నాను అని గొంతెత్తి చెప్పించును. తలిదండ్రులకు కోపము వచ్చుటలో ఆశ్చర్యమేమి? క్రొత్త చదువులు పరీక్షింపదలచినచో ఊరి పెద్దలు తమ బిడ్డలమీదనే పరీక్షించుకొనవచ్చునని వారు తిరుగబడిరి. నాకు వారిపై జాలి కలుగును. బిడ్డకు దొరకు చదువు కొలది యేండ్లు; ఆ కొలదిలో ఒకడు వచ్చి చినుగులు లెక్కించుచు కూర్చుండిన ఏ తండ్రి యూరకుండును? పెస్టలాజీని అచ్చటనుండి తీసి, చిన్నబిడ్డల బడికి మార్చిరి. అయినను 1800 మార్చిలో పరీక్షకులు వచ్చి చూచి, ఆ పసివారు కొలది నెలలలోనే చదువుట, వ్రాయుట, గీయుట, లెక్కించుట నేర్చిరని మెచ్చుకొనిరి. ఊరి కోటయే ఆయన పాఠశాలకు వసతియయ్యెను. క్రూజీ అను యువకుడు అనాథబాలురను వెంటబెట్టుకొని వచ్చి సహాయుడుగా చేరెను. మరికొందరు అతనిని అనుసరించిరి. 1801 లో తన పద్ధతిని వివరించు గ్రంథమును, గెర్‌ట్రూడ్ తన బిడ్డలకెట్లు నేర్పునను పేరుతో పెస్టలాజీ ప్రకటించెను. ఆ సంవత్సరమే, మొదటి శిష్యుడైన కుమారుడు, చిరకాలము మూర్ఛరోగముచే బాధపడి, మరణించెను.

ఇక ఆ పద్ధతిని కొంచెము నిలిచి చూతము. తల్లి గాని గురువు గాని బిడ్డ చేతికి బఠానీలు, గులకరాళ్లు, పుల్లలు ఇచ్చి లెక్కించునప్పుడు ఒకటి, రెండు అని ఊరక అనరాదు. ఒక రాయి, రెండు రాళ్లు అనవలెను. పిదప రెండు బఠానీలు, రెండు పుల్లలు. వస్తువు మారుచుండును, రెండు అనుమాట మారదు. అప్పుడు వస్తువు పేరు తనంత తానే జారిపోయి, సంఖ్య బిడ్డ మనస్సులో మిగులును. తరువాత రాళ్లకు బదులు గీతలు. ఇందుకై ఏకకముల పటము అను ఒక గొప్ప పటమును గోడకు వ్రేలాడదీసిరి. అందు పది అడ్డువరుసలు, వరుసకు పది గదులు. మొదటి వరుస గదులలో ఒక్కొక్క గీత, రెండవదానిలో రెండేసి, మూడవదానిలో మూడేసి, ఇట్లే పదవ వరుసలో గదికి పదేసి గీతలు. అంతయు కూడినచో 550 గీతలు. అంకె యొక్కటియు లేదు.

ఈ పటము ముందు భాగహారము ఎట్లుండునో చూడుడు. మూడవ వరుసలో నాలుగు గదులవరకు బెత్తము జరిపినచో పన్నెండు గీతలు. పన్నెండులో మూడులెన్ని యనగా బిడ్డ గదులను లెక్కించి నాలుగనును. అదే పన్నెండు గీతలను నాలుగవ వరుసలో చూపగా మూడు గదులే నిండును. నాలుగు మూడులును మూడు నాలుగులును ఒక్కటేయని ఎవరును చెప్పనక్కర లేదు. అయిదవ వరుసకు పోయినచో రెండు గదులు నిండి, మూడవ గదిలో రెండు గీతలు మాత్రమే పట్టును. శేషమన నేమో అని పుస్తకము చూచి నిర్వచనము వల్లించు బాలునకు అది యొక మాట. ఈ బిడ్డకు నిండని గది. అంతటితో ఆగక, ఆ రెండు గీతలు అయిదింటిలో ఎన్నవ భాగమని అడిగెదరు. పన్నెండనగా రెండు అయిదులును, అయిదింటి అయిదవ భాగము రెండుమారులును. చూచితిరా, భాగహారము ముగిసినచోట భిన్నము తలుపు తెరచుకొనినది. భిన్నములకు వేరు పటములుండెను: చతురస్రములను నిలువుగీతలతో రెండు మొదలు పది భాగముల వరకు చీల్చినదొకటి, నిలువుగను అడ్డముగను చీల్చినది మరియొకటి. సగములో సగము నాలుగవ పాలగుట అందు కంటికి కనబడును.

భాగహారమునకు రెండు ముఖములున్నవని మనము మరచుచుందుము. పన్నెండు గింజలను మూడేసిగా కుప్పలు పెట్టుట ఒకటి. పన్నెండు గింజలను ముగ్గురికి సమముగా పంచుట మరియొకటి. మొదటిదానిలో కుప్ప పరిమాణము తెలియును, కుప్పలెన్నో తెలియదు. రెండవదానిలో వంతులెన్నో తెలియును, వంతు ఎంతో తెలియదు. పలకమీద రెండును ఒకే రూపమున నుండును. గింజలతో చేసిన చేతులకు మాత్రము అవి రెండు పనులు. పన్నెండింటిని గూర్చి బాలుడు తెల్లబోవుట ఈ రెండు పనులలో ఏది చేయవలెనో తోచకయే. ఇది నా అనుభవమున తేలిన మాట; పెస్టలాజీపై మోపను.

1802 లో స్విస్ ప్రతినిధులలో ఒకడుగా ఆయన పారిసు పోయి, నెపోలియనుకు తన పద్ధతిని వివరింపగోరెను. అక్షరమాలతో ప్రొద్దుపుచ్చ తనకు తీరిక లేదని ఆ వీరుడు త్రోసిపుచ్చెను. 1805 నుండి ఇవెర్డాన్ కోటలో నడచిన పాఠశాలవలన మాత్రము పెస్టలాజీ కీర్తి ఐరోపా యంతట వ్యాపించెను. ప్రష్యా ప్రభుత్వము యువోపాధ్యాయులను పంపెను. పిమ్మట బాలోద్యానములను స్థాపించిన ఫ్రోబెల్ 1808 నుండి 1810 వరకు అచ్చటనే యుండెను. 1814 లో ఆ కోటను సైనికవైద్యశాలగా మార్పబోవుచున్నారని విని, ముసలివాడు బాసెల్ నగరమునకు పోయి రష్యా చక్రవర్తి అలెగ్జాండరును దర్శించి, తన బడిని కాపాడుకొనెను. అంతటితో పోక, దాసులైన రైతులను విడిపింపుమని, బడులు పెట్టింపుమని చెప్పుచు చక్రవర్తిని గోడవరకు నెట్టికొనిపోయి, ఆయన కోటు గుండీ పట్టుకొనబోయెనట!

ఆ కోటకు వచ్చినవారిలో మనకు చుట్టమువంటి వాడొకడు గలడు. ఆండ్రూ బెల్ దొర 1789 మొదలు 1796 వరకు చెన్నపట్టణమున ఎగ్మూరు అనాథబాలుర ఆశ్రమమునకు పెద్దగా నుండి, ఈ దేశపు పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుట చూచి, తన ఆశ్రమమున ప్రవేశపెట్టెను. పెద్ద విద్యార్థిచే చిన్నవారికి చెప్పించు పద్ధతి మద్రాసు విధానమను పేర ఇంగ్లండున ప్రబలెను. ఆ బెల్ 1816 లో ఇవెర్డాన్ వచ్చి పాఠములు చూచి, పండ్రెండేండ్లలో తన విధానమును లోకమంతయు అవలంబించుననియు, పెస్టలాజీది మరపున పడుననియు చెప్పి పోయెనందురు. ఒక్క గురువు వందలమందికి వల్లెవేయించు విధానమునకు ఖర్చు తక్కువ. గులకరాళ్ల విధానమునకు ఓపిక ఎక్కువ కావలెను. లెక్కకు బెల్ మాటయే గెలువవలసినది. కాని పండ్రెండేండ్లు గడువక మునుపే, 1821 లో, అమెరికాలో బోస్టను నగరమున వారెన్ కోల్‌బర్న్ అను నతడు పెస్టలాజీ మార్గము ననుసరించి బాలగణితమును ప్రకటించెను. అది ఆ దేశమున లెక్కలేనన్ని బడులలో చదువబడెను. వింత యింకొకటి: స్టాన్స్‌లో గురువులు లేక, తెలిసిన బిడ్డను తెలియని ఇద్దరి నడుమ కూర్చుండబెట్టి నేర్పించినవాడు పెస్టలాజీయే.

అయితే సత్యము దాచరాదు. ఇవెర్డాన్‌లో కీర్తి పెరిగినకొలది పాఠము చెడెను. చూడవచ్చిన దొరలకు చూపుటకై పిల్లలు ఏకకముల పటమును బారులు తీరి కేకలువేయుచు అప్పగింపసాగిరి. ఏ వల్లింపును తొలగించుటకై గీతలు గీసెనో, ఆ గీతలే వల్లింపునకు వచ్చినవి. గింజలు కూడ ఎక్కములు కాగలవు! ఉపాధ్యాయులలో నీడరర్ ఒక పక్షము, గణితమున గట్టివాడైన ష్మిడ్ ఒక పక్షము చేరి ఏండ్ల తరబడి కలహించిరి, వ్యాజ్యములాడిరి. పెస్టలాజీకి జమాఖర్చు తెలియదు, మనుష్యులను నడపుటయు తెలియదు. అందరికి నడుమ శాంతి నిలిపిన అన్నా 1815 డిసెంబరులో గతించెను. 1825 లో పాఠశాల మూయబడెను. ముసలివాడు నోయిహోఫ్‌కు తిరిగిపోయి, తన తప్పులను తానే ఒప్పుకొనుచు కడపటి గ్రంథము వ్రాసెను. దానిపై శత్రువులు ప్రకటించిన నిందావాక్యములను చదివి మంచము పట్టి, 1827 ఫిబ్రవరి 17 వ తేదీన బ్రుగ్ అను ఊరిలో ఎనుబది యొక్క యేండ్ల ప్రాయమున కన్నుమూసెను.

చుట్టుపట్ల పల్లెల బడిపంతుళ్లు ఆయన శవపేటికను మోసికొనిపోయి, బిర్ గ్రామమున పాఠశాల ప్రక్కనే పాతిపెట్టిరి. 1846 లో, ఆయన పుట్టి నూరేండ్లు నిండినప్పుడు, ఆర్గావ్ ప్రభుత్వమువారు ఆ గ్రామపు బడిగోడకే స్మారకచిహ్నము నిలిపిరి. దానిపై ఆయన పనిచేసిన చోట్లు వరుసగా చెక్కబడియున్నవి: నోయిహోఫ్, స్టాన్స్, బుర్గ్‌డోర్ఫ్, ఇవెర్డాన్.